అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పాత కంప్యూటర్ మొరాయిస్తోందా? ఇలా చేయండి

ప్రతి నెలా రెండో వారంలో, బుధవారం పొద్దున్నే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పొద్దున తొమ్మిదింటికి ఆన్ చేశాను, ఇంకా గుండ్రాలు తిరుగుతూనే ఉన్నాయి." "సార్, మౌస్ కదిపితే నిమిషానికి కదులుతోంది, వైరస్ పట్టిందంటారా?" "ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది, స్విచ్ తీసేయమంటారా?" అడిగేవాళ్లు వేరైనా ప్రశ్న ఒకటే. ఒక్కొక్కరికి ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే, మొత్తం ఒకేచోట రాసిపెడితే మీ ముందు పెట్టుకుని చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా విండోస్ 10 నడుస్తున్న పాత మెషీన్ల కోసం. అంటే సుమారు 2012 నుంచి 2018 మధ్య కొన్నవి, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నవి. డీటీపీ షాపుల్లో, నెట్ సెంటర్లలో, పిల్లల చదువుకని కొన్న ఇళ్లలో ఇవే ఎక్కువ. విండోస్ 11లో కూడా దాదాపు ఇవే మెట్లు, మెనూల పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

బుధవారమే ఎందుకు?

మైక్రోసాఫ్ట్ తన నెలవారీ అప్‌డేట్‌ను రెండో మంగళవారం వదులుతుంది. అమెరికా పడమటి తీరంలో అప్పుడు ఉదయం 10 గంటలు. మనకు మార్చి నుంచి నవంబర్ మొదటి వారం దాకా అది రాత్రి 10:30, మిగతా నెలల్లో 11:30. ఆ వేళకు మన కంప్యూటర్లు ఆపేసి ఉంటాయి. బుధవారం పొద్దున షాపు తెరిచి స్విచ్ వేయగానే అది అప్‌డేట్‌ను పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే బయట కస్టమర్ నిలబడి ఉంటాడు. టెన్షన్ అక్కడే మొదలు.

నెట్ నుంచి దించుకోవడం తేలికైన పని. బరువంతా ఆ తర్వాతే. దించుకున్న మూటను విప్పాలి, వేల చిన్న ఫైళ్లను పాతవాటితో పోల్చాలి, మార్చాలి, మార్చిన ప్రతిదాన్నీ యాంటీవైరస్ తనిఖీ చేయాలి. తిరిగే హార్డ్ డిస్క్ ముల్లు ఒక్కో ఫైలు కోసం ఒక్కో చోటికి పరుగెత్తాలి. సెకనుకు వంద చోట్లకు వెళ్లడమే దానికి కష్టం. అదే లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే సెకనుకు వేల చోట్లు చదువుతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు కంప్యూటర్‌ను ముట్టుకోకుండా వదిలేయగల మూడు నాలుగు గంటలు. రాత్రి అయితే మంచిది.
- ల్యాప్‌టాప్‌కు దాని అసలు ఛార్జర్. డెస్క్‌టాప్‌కు యూపీఎస్.
- ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ.
- సి డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ. లేకపోతే ఎలా తెచ్చుకోవాలో 4వ మెట్టులో ఉంది.
- ఒక కాగితం, పెన్ను. ఏ తేదీన ఏం చేశారో, ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. దీన్ని తీసిపారేయకండి, చివర్లో అవసరమవుతుంది.

1. ఏదీ ముట్టుకోకముందు చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న కిటికీ వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. నెమ్మదిగా ఉన్న మెషీన్‌లో ఇది తెరుచుకోవడానికే రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. మళ్లీ మళ్లీ నొక్కకండి, ఆగండి.

'పెర్ఫార్మెన్స్' అన్న ట్యాబ్‌లోకి వెళ్లి ఎడమ పక్కన 'డిస్క్ 0' మీద నొక్కండి. దాని పేరు కిందే హెచ్‌డీడీ (తిరిగే హార్డ్ డిస్క్) అనో ఎస్‌ఎస్‌డీ అనో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అయి ఉండి, 'యాక్టివ్ టైమ్' 100 శాతం దగ్గర అతుక్కుపోయి, చదివే వేగం, రాసే వేగం సెకనుకు 1, 2 ఎంబీ మాత్రమే చూపిస్తుంటే మీ జబ్బు అదే. డిస్క్ పని ఆపలేదు, ఊపిరి సలపనంత పనిలో ఉంది. నా దగ్గరికి వచ్చిన పాత మెషీన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే బొమ్మ.

ఇప్పుడు 'ప్రాసెసెస్' ట్యాబ్‌కు వచ్చి 'డిస్క్' అన్న తలకట్టు మీద నొక్కితే, ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. ఈ పేర్లు కనిపిస్తే కంగారు పడకండి:

- 'విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్': అప్‌డేట్‌ను బిగిస్తున్నది ఇదే.
- 'సర్వీస్ హోస్ట్: విండోస్ అప్‌డేట్': వెతుకుతోంది, దించుతోంది.
- 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్': విండోస్ సొంత యాంటీవైరస్.
- 'మైక్రోసాఫ్ట్ కంపాటబిలిటీ టెలిమెట్రీ': కాసేపు తిని తనే తగ్గుతుంది.

వీటిలో దేన్నీ 'ఎండ్ టాస్క్' కొట్టకండి. కొడితే సగం బిగించిన అప్‌డేట్ సగంలోనే ఉంటుంది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. "రోజూ అప్‌డేటే అవుతోంది" అని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చేస్తున్నది ఇదే.

డిస్క్ ప్రశాంతంగా ఉండి 'మెమరీ' 90 శాతం దాటి ఉంటే కొరత ర్యామ్‌ది, 8వ మెట్టు చూడండి. 'సీపీయూ' 100 దగ్గర ఉండి దాని 'స్పీడ్' మాత్రం బాగా పడిపోయి ఉంటే (బేస్ స్పీడ్ 1.70 గిగాహెర్ట్జ్ అని రాసి, పక్కన నడుస్తున్నది 0.78 చూపించడం లాంటిది) అది వేడి సమస్య, 7వ మెట్టుకు వెళ్లండి. ఏదీ ఎక్కువ లేకుండా డౌన్‌లోడ్ మాత్రం కదలకపోతే లోపం నెట్‌లో ఉంది.

2. ఫైళ్లు కాపాడుకోండి, డిస్క్ ఆరోగ్యం చూడండి

పాత డిస్క్ చచ్చిపోయే ముందు కూడా ఇలాగే నెమ్మదిస్తుంది. అందుకే అప్‌డేట్‌ను నిందించే ముందు డిస్క్‌ను పరీక్షించాలి. 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దాని అసలు సైట్ నుంచే దించుకుని తెరవండి. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే ముందుకు వెళ్లండి. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చినా, ఎరుపులో 'బ్యాడ్' అని వచ్చినా అప్‌డేట్ సంగతి పక్కన పెట్టి ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, లెక్కలు, డిజైన్ ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. అలాంటి డిస్క్ మీద రిపేర్ ప్రయత్నాలు చేయడమంటే ఉన్న ఊపిరి తీయడమే.

చెవితో కూడా తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో అరచేయి ఆనే చోట చెవి పెట్టి వినండి. సన్నగా గరగరలాడుతుంటే పనిచేస్తోందని అర్థం. టిక్, టిక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే కాపీ చేసుకుని డిస్క్ మార్చేయండి.

'గుడ్' వచ్చినా సరే ఒక కాపీ తీసుకునే ముందుకు వెళ్లండి. ఈ మెట్టు దాటేసినవాళ్లకు తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

3. ఒకసారి నిజంగా రీస్టార్ట్ చేయండి

టాస్క్ మేనేజర్‌లో 'సీపీయూ' పేజీ కింద 'అప్ టైమ్' అని ఉంటుంది. మొన్న ఒక పెద్దాయన ల్యాప్‌టాప్‌లో అది 41 రోజులు చూపించింది. "రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తానయ్యా" అన్నారాయన. ఆయన చెప్పింది నిజమే. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి సిస్టమ్ పూర్తిగా ఆగదు, నిద్రలాంటి స్థితిలో దాచుకుని పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. పూర్తిగా ఆగి మొదలవ్వాలంటే 'రీస్టార్ట్' నొక్కాలి.

అందుకే పవర్ బటన్ దగ్గర 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' కనిపిస్తే అదే నొక్కండి. రీస్టార్ట్ అయ్యాక డెస్క్‌టాప్ కనిపించగానే బ్రౌజర్ తెరవకండి. పది, పదిహేను నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. మిగిలిన పనులు అప్పుడు పూర్తి చేసుకుంటుంది. చాలా మెషీన్లకు ఇక్కడితోనే సగం ఉపశమనం దొరుకుతుంది.

4. చోటు చేయండి, కానీ ఒక టిక్ జాగ్రత్త

సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటే అప్‌డేట్ మూట విప్పుకోవడానికి చోటుండదు. సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో 'టెంపరరీ ఫైల్స్' తెరవండి. లెక్కపెట్టడానికి కాసేపు పడుతుంది. జాబితా వచ్చాక 'విండోస్ అప్‌డేట్ క్లీనప్', 'డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్', 'టెంపరరీ ఫైల్స్' దగ్గర టిక్ పెట్టండి.

ఆ జాబితాలోనే 'డౌన్‌లోడ్స్' అని ఒకటి ఉంటుంది. దాని పక్కన టిక్ ఉంటే తీసేయండి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తెనాలిలో మా పెద్దమ్మ కొడుకు డీటీపీ షాపు నడుపుతాడు. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫోటోలు, పెళ్లి కార్డుల మ్యాటరు అంతా డౌన్‌లోడ్స్‌లోకే వచ్చి పడుతుంది. శ్రావణమాసం ముహూర్తాల ముందు, చోటు చేద్దామని అన్నీ టిక్ పెట్టి 'రిమూవ్' కొట్టాడు. 38 జీబీ ఖాళీ అయిందని సంతోషంగా ఫోన్ చేశాడు. పది నిమిషాల తర్వాత వచ్చిన రెండో ఫోన్‌లో గొంతు పూడుకుపోయింది. అవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. పదకొండు కార్డుల మ్యాటరు మళ్లీ అడిగి తెప్పించుకున్నాడు. అప్పటి నుంచి తన పని ఫైళ్లకు డి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ పెట్టుకున్నాడు. మీరూ ముందే పెట్టుకోండి.

'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అనేది కనిపిస్తే, ఇప్పుడున్న విండోస్ బాగా నడుస్తోందని నమ్మకం కలిగాకే తీయండి. తీసేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

'విండోస్ అప్‌డేట్ క్లీనప్' పాత డిస్క్ మీద గంట కూడా తీసుకోవచ్చు. మధ్యలో ఆపకండి. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో మొత్తం స్టోరేజే 32 జీబీ, అదీ బోర్డుకు అతికించి ఉంటుంది. వాటిలో ఎంత ఊడ్చినా చోటు చాలదు. మీ ఫైళ్లన్నీ మెమరీ కార్డులోకి మార్చేసి, అక్కరలేని ప్రోగ్రామ్‌లు తీసేసి ప్రయత్నించండి.

5. అప్‌డేట్‌కు ఒక రాత్రి ఇవ్వండి

పాత మెషీన్‌కు ఇంతకంటే మంచి మందు లేదు. మీరు పని చేసుకునే వేళలో అది కూడా పని చేయబోతేనే గొడవ. ఎవరి వేళ వారికి కేటాయించండి.

మొదట సెట్టింగ్స్‌లో 'పవర్ అండ్ స్లీప్'కు వెళ్లి, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ 'నెవర్' అని పెట్టండి. లేకపోతే అరగంటకు నిద్రపోతుంది, తెల్లారి చూస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంచండి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టకండి. బల్ల మీద పెట్టండి. తెరిచిన ప్రోగ్రామ్‌లన్నీ మూసేయండి. అప్పుడు 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ'లో 'విండోస్ అప్‌డేట్' తెరిచి 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కి పడుకోండి. పొద్దున 'రీస్టార్ట్ నౌ' అని అడుగుతూ ఉంటే, టీ పెట్టుకునే ముందు నొక్కండి.

పగలు పని చెడకుండా ఉండడానికి 'యాక్టివ్ అవర్స్' మార్చుకోండి. మీ పని వేళలు అందులో చెబితే ఆ వేళలో దానంతట అది రీస్టార్ట్ కాదు. గరిష్ఠంగా 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, ఉద్యోగ దరఖాస్తు ఆఖరి తేదీ లాంటివి దగ్గర పడితే 'పాజ్ అప్‌డేట్స్' నొక్కి వారం వాయిదా వేయండి. మొత్తం 35 రోజుల వరకు వాయిదా వేసే వీలుంది. పని అవగానే మళ్లీ తెరవడం మరిచిపోకండి.

కరెంటు సంగతి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఛార్జర్ తీసిన నిమిషానికే పడుకుంటుంటే, దాన్ని బ్యాటరీ లేని డెస్క్‌టాప్ కిందే లెక్కవేయండి. అప్‌డేట్‌కు ముందు యూపీఎస్‌ను ఒకసారి పరీక్షించండి: కంప్యూటర్ ఆన్ చేసి, ఫైళ్లన్నీ మూసి, గోడ స్విచ్ తీసి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడండి. మీ ఊళ్లో గాలివానల రోజులైతే ఆ రాత్రి మొదలుపెట్టకండి. బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అని వస్తే ఇంకా జాగ్రత్త. మామూలు అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే చాలావరకు కోలుకుంటుంది. బయోస్ మధ్యలో పోతే మదర్‌బోర్డుకే ముప్పు.

ఫోన్ హాట్‌స్పాట్‌తో వాడేవాళ్లు ఆ వైఫై పేరు మీద నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే పెద్ద అప్‌డేట్‌లు మీ డేటాను తినవు. అయితే నెలకు ఒకసారైనా మంచి కనెక్షన్ దొరికే చోట అప్‌డేట్ చేయించాలి. 'డెలివరీ ఆప్టిమైజేషన్'లో 'అలో డౌన్‌లోడ్స్ ఫ్రమ్ అదర్ పీసీస్' ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మీ కంప్యూటర్ వేరేవాళ్లకు కూడా పంచిపెడుతూ కూర్చోవచ్చు.

6. శాతం దగ్గర ఆగిపోతే, విఫలమవుతుంటే

నీలం తెర మీద 30 శాతమో, 72 శాతమో వచ్చి కదలడం లేదు. ఏం చేయాలి? ముందు గడియారం చూసి టైమ్ కాగితం మీద రాయండి. డిస్క్ లైటు చూడండి. మినుకుమినుకుమంటుంటే పని జరుగుతున్నట్టే. లైటు లేని మెషీన్ అయితే చెవి పెట్టి వినండి. పని జరుగుతున్నంతసేపు ఆపకండి, రెండు మూడు గంటలైనా సరే. శాతం అనేది సమానంగా కదలదు. 30 నుంచి 31కి వెళ్లడానికి నలభై నిమిషాలు పట్టి, తర్వాత ఒక్క నిమిషంలో వందకు చేరిన మెషీన్లు చూశాను.

మూడు గంటలు దాటి, లైటు లేదు, చప్పుడు లేదు, గుండ్రాలు కూడా తిరగడం లేదు అంటే అప్పుడు పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. మళ్లీ ఆన్ చేస్తే 'అన్‌డూయింగ్ ఛేంజెస్' అని రావచ్చు. అది చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటోంది. ఇక్కడ మళ్లీ ఆపారంటే అసలు నష్టం అప్పుడే. దానికీ అంతే సమయం ఇవ్వండి.

తర్వాత విండోస్ అసలు తెరుచుకోకపోతే, కొన్నిసార్లు ప్రయత్నించి తనే రిపేర్ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆ తర్వాత 'లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్' తీసేయండి. మీ ఫైళ్లకు ఏమీ కాదు. పక్కనే ఉన్న 'రీసెట్ దిస్ పీసీ' జోలికి మాత్రం కాపీ లేకుండా వెళ్లకండి.

ఒకే అప్‌డేట్ ప్రతిసారీ ఎర్ర అక్షరాలతో విఫలమవుతుంటే, ఈ వరసలో చేయండి:

- సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్‌లో 'విండోస్ అప్‌డేట్' ట్రబుల్‌షూటర్ నడపండి.
- అయినా కాకపోతే 'సర్వీసెస్' తెరిచి, 'విండోస్ అప్‌డేట్', 'బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్' రెండింటి మీదా కుడి క్లిక్ చేసి 'స్టాప్' ఇవ్వండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో 'సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్', అందులో 'డౌన్‌లోడ్' తెరిచి లోపలున్నవి మాత్రమే తీసేయండి. ఫోల్డర్‌ను ఉండనివ్వండి. పక్కనున్న 'సిస్టమ్ 32' వైపు చేయి పోనివ్వకండి. రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.
- అప్పటికీ కాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరిచి ఇంగ్లీషులో ఎస్, ఎఫ్, సి అక్షరాలు, ఒక స్పేస్, ప్రశ్నార్థకం ఉన్న కీ మీది గీత, దానికి ఆనించి 'స్కాన్‌నౌ' అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి (sfc /scannow) ఎంటర్ కొట్టండి. పాడైన సిస్టమ్ ఫైళ్లను ఇది వెతికి సరిచేస్తుంది. పాత డిస్క్ మీద గంట వేచి ఉండండి.

7. వేడి, దుమ్ము

పదేళ్ల ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లో దుమ్ము ఊలు దుప్పటిలా అట్టకట్టి ఉంటుంది. వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. గాలి వచ్చే జల్లెడ దగ్గర చేయి పెట్టండి. ఫ్యాన్ హోరెత్తుతున్నా గాలి రాకపోతే శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. ఏడాదికి ఒకసారి ఈ పని మంచిది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, ఫ్యాన్ పాడవుతుంది.

అడుగు భాగం వేడిగా లేకపోయినా వేగం పడిపోయి ఉంటే ఛార్జర్ చూడండి. తక్కువ వాట్ల డూప్లికేట్ ఛార్జర్ పెట్టినా కొన్ని ల్యాప్‌టాప్‌లు అలాగే నెమ్మదిస్తాయి.

8. బరువు తగ్గించండి, తర్వాతే ఖర్చు

టాస్క్ మేనేజర్‌లోని 'స్టార్టప్' ట్యాబ్‌లో కంప్యూటర్‌తో పాటు లేచే ప్రోగ్రామ్‌ల జాబితా ఉంటుంది. మీకు తెలిసిన, పొద్దున్నే అక్కరలేని వాటిని 'డిజేబుల్' చేయండి. తెలియని పేరును వదిలేయండి. బయట కొన్న యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసేయండి. ఒకే ఫైలును ఇద్దరు తనిఖీ చేస్తుంటే అప్‌డేట్ వేళ ఆ డిస్క్ ఇక లేవదు. గడువు తీరిన ట్రయల్ అయితే అసలు ఉంచకండి. విండోస్ సొంతది చాలు.

'ఒక్క క్లిక్‌తో స్పీడ్ పెంచుతాం' అనే సాఫ్ట్‌వేర్‌లు, రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు దయచేసి వేయకండి. అవి తీసేయడానికే నాకు ఎక్కువ సమయం పడుతోంది. అప్‌డేట్ సర్వీస్‌ను శాశ్వతంగా ఆపేసే చిట్కాలు వీడియోల్లో చూసి చేయకండి. బ్యాంకు లావాదేవీలు, ఆధార్ ప్రతులు ఉండే మెషీన్‌కు అది తలుపు తీసి పడుకోవడమే.

డబ్బు పెట్టగలిగితే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకే. ర్యామ్ దాని తర్వాత. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది, మందం 7 మిల్లీమీటర్లు. డిస్క్ మారిస్తే విండోస్ మళ్లీ కొనాలేమోనని భయపడతారు. అక్కరలేదు, డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. పాత డిస్క్‌ను పారేయకుండా యూఎస్‌బీ కేస్‌లో పెట్టించుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది, 'గుడ్' చూపిస్తున్నదైతేనే.

ర్యామ్ కొనేముందు 'మెమరీ' పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' చూడండి. '1 ఆఫ్ 2' అంటే ఒకటి ఖాళీ ఉన్నట్టు. డీడీఆర్3, డీడీఆర్3ఎల్, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి కొనకండి. ఇప్పుడున్న ముక్క ఫోటో తీసుకుని సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో, మీ ఊరి షాపుకో వెళ్లి చూపించండి. ధరలు తరచూ మారుతున్నాయి, రెండు చోట్ల అడిగి బిల్లుతో తీసుకోండి.

విండోస్ 10 గడువు సంగతి

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 22హెచ్2 వెర్షన్ ఉన్న ఇంటి కంప్యూటర్లకు 'ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్' కింద 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్‌లు ఇస్తున్నారు. విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్ నౌ' ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. 1000 రివార్డ్స్ పాయింట్లతోనో, 30 డాలర్లు కట్టో కూడా తీసుకోవచ్చు. నమోదు చేసుకోకపోయినా నెమ్మది పోదు. బ్రౌజర్, యాంటీవైరస్ తమ అప్‌డేట్‌లు తాము తెచ్చుకుంటూనే ఉంటాయి.

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. అడ్డదారిలో ఎక్కించమని నేను చెప్పను. 4 జీబీ, హార్డ్ డిస్క్ మీద అది ఇంకా భారం. బ్రౌజర్, మెయిల్, వీడియోలకే వాడే మెషీన్ అయితే ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ప్రయత్నించండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని చేసే షాపులవాళ్లు మాత్రం విండోస్‌లోనే ఉండండి, అవి లినక్స్‌లో సాఫీగా నడవవు.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

కాగితం తీయండి. 'వ్యూ అప్‌డేట్ హిస్టరీ'లో ఈ నెల అప్‌డేట్ పక్కన 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని తేదీతో ఉండాలి. విఫలమైందని ఒకసారి ఉండి, దాని పైన విజయవంతం అని ఉంటే చింత లేదు.

రీస్టార్ట్ చేసి డెస్క్‌టాప్ వచ్చిన పావుగంటకు టాస్క్ మేనేజర్ తెరవండి. ఏమీ తెరవకుండా ఉన్నప్పుడు డిస్క్ 10 శాతం లోపు తిరుగుతుంటే మెషీన్ ఖాళీ అయినట్టు. ఇంకా 100 దగ్గరే ఉంటే పైన ఉన్న పేరేంటో రాసుకుని, ఇంకో గంట ఇచ్చి మళ్లీ చూడండి. రెండు రోజులు వరసగా అదే పేరు, అదే వంద అయితే 6వ మెట్టు చేయండి.

స్విచ్ వేసిన క్షణం నుంచి బ్రౌజర్ తెరుచుకునే దాకా ఎన్ని నిమిషాలో ఫోన్‌లో టైమర్ పెట్టి కొలవండి. తెనాలిలోని మా అన్నయ్య షాపులో ఎస్‌ఎస్‌డీ వేయకముందు కాగితం మీద 9 నిమిషాలు అని ఉంది, వేశాక 50 సెకన్లు. ఆ కాగితం ఇప్పటికీ మానిటర్ వెనక అతికించి ఉంది. దాని మీద వచ్చే రెండో మంగళవారం తేదీ కూడా రాసి, ఆ రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేస్తున్నాడు.